ఆకలి లేని ఊరు

ఆ మందు కనిపెట్టింది నేనే. ముందుగా ఈ మాట చెప్పకుండా మిగతాది చెప్పడం అన్యాయం. మంత్రి కనిపెట్టలేదు, ధరల నియంత్రణ మండలి కనిపెట్టలేదు. గుంటూరు శివార్లలోని ఒక ప్రభుత్వ ప్రయోగశాలలో, డాక్టర్ సువార్త అనే నేను, ఏడేళ్లు కూర్చుని కనిపెట్టాను.

మంచి పనికే మొదలుపెట్టాను. మా నాన్నకు పేగు ఆపరేషన్ చేసినప్పుడు ఇరవై రోజులు నోటికి ఏమీ ఇవ్వకూడదన్నారు. ఒంటికి కావలసిందంతా సెలైన్‌లో ఎక్కుతూనే ఉంది. ఆకలి మాత్రం ఆగలేదు. "ఒక్క ముద్దమ్మా, ఒక్కటే ముద్ద" అని అడుగుతూ అడుగుతూ పోయాడు. తినకూడని మనిషికి ఆకలెందుకు వెయ్యాలి అన్న ప్రశ్న ఆ రోజు నుంచి నన్ను వదల్లేదు.

పల్నాడు గుట్టల మీద గొర్రెల కాపరులు కుందేటికొమ్ములు అనే మొక్కను నములుతారు. పొద్దంతా అన్నం లేకపోయినా నడిచేస్తారు. ఆ మొక్కలో సారం తీసి, దాన్ని మార్చి, వందరెట్లు బలంగా చేశాను. పొట్ట నుంచి మెదడుకు పోయే నరం ఉంటుంది. నా మందు ఆ నరంతో అబద్ధం చెబుతుంది. పొట్ట ఖాళీగా ఉన్నా, నిండిందని చెబుతుంది. దానికి తృప్తి అని పేరు పెట్టుకున్నాను.

ఎలుకల మీద ప్రయోగం చేస్తున్నప్పుడు బోనులు చూసుకునేది మస్తాన్‌వలిగారు. నాకంటే పదేళ్లు పెద్ద. మామూలు ఎలుకలు పొద్దున్నే ఆకలికి కీచుమంటూ ఊచలు గీకేవి. తృప్తి తిన్న బోను మాత్రం నిశ్శబ్దంగా ఉండేది. గిన్నె నిండా గింజలున్నా ముట్టుకునేవి కావు. నేను సంబరపడ్డాను. ఇరవయ్యో రోజున మస్తాన్‌గారు నన్ను పిలిచారు.

"రెండు పోయినయ్ మేడమ్."

గింజల గిన్నెకు ఆనుకునే పడి ఉన్నాయి.

"జబ్బు లక్షణం ఏమైనా కనిపించిందా?"

"ఏమీ లేదు. చచ్చేదాకా ఆడుకుంటానే ఉన్నయ్" అన్నారాయన. అంటూ నా మొహంలోకి చూడలేదు.

నివేదికలో ఎర్ర సిరాతో రాశాను. పది రోజులకు మించి వాడరాదు. సెలైన్ ఎక్కుతున్న రోగులకు తప్ప ఎవరికీ ఇవ్వరాదు. పిల్లలకు, గర్భిణులకు ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వరాదు.

ఆ ఏడాదే ధరలు మండిపోయాయి. పొద్దున ఒక రేటు, సాయంత్రం ఒక రేటు. జనం గోల పెడితే ప్రభుత్వం ధరల స్థిరీకరణ చట్టం తెచ్చింది. బియ్యం నుంచి టీ దాకా పాతిక వస్తువులకు రేట్లు కట్టి, ప్రతి కొట్టు ముందూ బోర్డు పెట్టించింది. బోర్డు మీద రేటు ఉండేది, కొట్లో సరుకు ఉండేది కాదు. వెనక గుమ్మంలోంచి అడిగితే మూడింతల రేటుకు దొరికేది.

మా చెల్లెలు సలోమి కాపురం పాతగుంటూరులో. ఆమె భర్త ఆశీర్వాదానిది ఇడ్లీ బండి. మూడు వీధుల కూలీలు పనికి పోతూ ఆ బండి దగ్గరే తినేవాళ్లు. ప్లేటు ఇడ్లీ నాలుగు, ముప్ఫై రూపాయలు అని చట్టం చెప్పింది. ఆ రేటుకు మినప్పప్పు ఎవరిస్తారో చట్టం చెప్పలేదు. ఆశీర్వాదం ఏంచేస్తాడు? ఇడ్లీ కాస్త చిన్నది చేశాడు. వారం తిరక్కుండా ఇన్‌స్పెక్టర్ త్రాసు పట్టుకుని వచ్చాడు.

"ఇడ్లీని తూచారక్కా!" సలోమి ఫోన్లో అరిచింది. "బంగారం తూచినట్టు తూచారు. ఒక్కోటి పది గ్రాములు తక్కువంట. ఇడ్లీ పాత్ర పట్టుకుపోయారు. ఈయన్ని రెండ్రోజులు స్టేషన్లో కూచోబెట్టారు. కొట్లలో పప్పు దాచినోణ్ణి ఒక్కణ్ణి పట్టుకోమను చూద్దాం!"

వెనక నుంచి ఆశీర్వాదం గొంతు వినిపించింది. "రేటు వాళ్లే రాస్తారు, పప్పు మాత్రం వాళ్లివ్వరు. ఇదేం చట్టం వదినా?"

పాత్ర కొనుక్కోమని కొంత డబ్బు పంపాను. రేషన్ బియ్యం మనిషికి అయిదు కిలోల నుంచి మూడుకు దించారు. మా వీధి చివర రేషన్ కొట్టు దగ్గర తొక్కిసలాటలో ఒక ముసలాయన చనిపోయాడు. ఆయన చేతిలో సంచీ అలాగే ఉంది.

ఆ తర్వాత వారంలోనే మండలి సభ్యుడు చక్రపాణి మా ప్రయోగశాలకు వచ్చాడు. మెత్తగా మాట్లాడే మనిషి. ఎలుకల బోనుల ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"ఇది తింటే మనిషి ఎంత తక్కువ తింటాడు?" అని అడిగాడు.

"సగం కూడా తినడు. కానీ ఇది రోగుల కోసం చేసిందండీ."

"ఇప్పుడు రాష్ట్రం మొత్తం రోగే డాక్టరుగారూ" అన్నాడు. "పంట పోయింది. కొత్త నిల్వలు రావడానికి ఎంతలేదన్నా పది రోజులు పడుతుంది. ఆ పది రోజులు జనం కొట్టుకుచావకుండా చూడాలి. పెద్దవాళ్లకే, డాక్టర్ల పర్యవేక్షణలోనే. మీ షరతులన్నీ రాసివ్వండి."

నేను రాశాను. ఒక కాగితం మీద షరతులు, ఇంకో కాగితం మీద మందు తయారీ పద్ధతి, అనుమతి, దాని కింద సంతకం. ఆయన చదివి, చాలా చక్కగా రాశారన్నాడు. వెళ్తూ వెళ్తూ మా శాఖకు కొత్త భవనం మాట కూడా ఎత్తాడు. అబద్ధమెందుకు, ఆ మాట నా చెవికి ఇంపుగానే ఉంది.

నెల తర్వాత మండలి నుంచి ఉత్తరం వచ్చింది. నిల్వలు అందాయనీ, పథకం విరమించుకున్నామనీ. నేను నమ్మాను. నమ్మడం సుఖంగా ఉంది కాబట్టి నమ్మాను.

అదే నెలలో విడి ఉప్పు అమ్మకాన్ని నిషేధించారు. రేషన్ కొట్లో నీలం ప్యాకెట్ ఒక్కటే దొరికేది. ఆరోగ్య లవణం అని దాని పేరు. విటమిన్లు కలిపామని రాశారు. ఉప్పు లేకుండా ఎవరు తింటారు? ఊరంతా అదే వాడింది. నేనూ వాడాను. నాకు ఆకలి తగ్గింది. వయసు మీదపడుతోంది కదా అనుకున్నాను. తృప్తిని కనిపెట్టినదాన్ని, నా ఒంట్లో తృప్తి పనిచేస్తుంటే గుర్తుపట్టలేకపోయాను.

నాలుగు నెలల్లో రేషన్ కొట్ల ముందు వరసలు మాయమయ్యాయి. మార్కెట్లో గొడవలు లేవు. ద్రవ్యోల్బణం పంతొమ్మిది శాతం నుంచి నాలుగుకు పడిందని మంత్రి టీవీలో చెప్పాడు. కార్యకర్తలు టపాకాయలు కాల్చారు. ఆ వారమే ఆశీర్వాదం ఫోన్ చేశాడు.

"వదినా, మీరు డాక్టరు కదా, నాకో మాట చెప్పండి. జనానికి ఆకలి ఏమైంది?"

"అదేంటి?"

"పొద్దున్నుంచీ ఆవిరి వస్తానే ఉంది, ఒక్కడూ రావట్లేదు. హమాలీ పని చేసే నాగేశ్వర్రావు, ఎనిమిది ఇడ్లీలు తినేవాడు, బండి ముందు నుంచే పోతా టీ కూడా వద్దంటున్నాడు. మనిషి చూస్తే పుల్లయిపోయాడు."

నేను నవ్వాను. ఇంకో బండి ఏదో పెట్టి ఉంటారులే అన్నాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

ఆదివారం చర్చి అయ్యాక వాళ్లింటికి వెళ్లాను. సలోమి కూతురు హెప్సీకి ఆరేళ్లు. ఆ పిల్లకు మైసూర్‌పాక్ అంటే ప్రాణం. పొట్లం చేతికిచ్చాను. "థాంక్స్ పెద్దమ్మా" అని ముక్కలన్నీ తీసి, నేల మీద వరసగా పేర్చి, బొమ్మకు గోడ కట్టడం మొదలుపెట్టింది.

"తినవే" అన్నాను.

"ఆకలి లేదు పెద్దమ్మా."

నవ్వుతూనే ఉంది. పాట పాడుకుంటూనే ఉంది. గౌను భుజం మీద నుంచి జారిపోతోంది. ఎత్తుకున్నాను. చేతుల్లో బరువే తెలియలేదు.

"ఎన్నాళ్ల నుంచి ఇలా ఉంది సలోమీ?"

"ఎలా ఉంది? బానే ఉందిగా" అంది మా చెల్లెలు. "ఇదివరకు పొద్దున లేస్తే అన్నం అన్నం అని నా ప్రాణం తీసేది. పెట్టలేక నేనే ఒక్కోసారి కొట్టేదాన్నక్కా. ఇప్పుడు అడగనే అడగదు. నాలుగు మెతుకులు తిని లేచిపోద్ది. పోనీలే, దేవుడు కనికరించాడు, ఉన్నదాంతోనే గడిచిపోతోంది అనుకున్నా."

చచ్చేదాకా ఆడుకుంటానే ఉన్నయ్.

వంటింట్లోకి పరుగెత్తాను. నీలం ప్యాకెట్ తీసుకుని ప్రయోగశాలకు వెళ్లాను. ఆదివారమైనా మస్తాన్‌గారు వచ్చి తలుపు తీశారు. తృప్తి కలిసిన ద్రావణంలో మా రసాయనం పడితే ఊదారంగు వస్తుంది. ఉప్పు నీళ్లలో రెండు చుక్కలు వేశాను. గాజుగొట్టం కాకరపువ్వొత్తి వెలిగినట్టు ఊదాగా మెరిసింది.

"మనదే మేడమ్" అన్నారు మస్తాన్‌గారు.

రంగు కొలిచి చూస్తే, నేను రోగికి రాసిన మోతాదుకు అది మూడింతలు.

ఆ మధ్యాహ్నమే హెప్సీని పెద్దాసుపత్రిలో చేర్చాం. గొట్టం వేసి పాలు పోశారు. పిల్ల ఒళ్లు అప్పటికే తన కండనంతా తినేసింది, గుండె కండతో సహా. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, "ఇంత చిక్కేదాకా ఈ పిల్ల ఏడవలేదా? అన్నం అడగలేదా?" అన్నాడు. ఆయనకు కోపంగా ఉంది. తల్లిని తప్పుపడుతున్నాడు. తప్పు తల్లిది కాదని నేను చెప్పలేదు.

మూడో రోజు పదకొండు గంటలకు, మంచం మీద కాగితం పడవ చేసుకుంటూ, హెప్సీ పక్కకు ఒరిగిపోయింది.

సమాధి దగ్గర నుంచి ఇంటికొచ్చాక సలోమికి చెప్పాను. ఆ ఉప్పులో ఏముందో, అది ఎవరిదో, సంతకం ఎవరు పెట్టారో. ఆశీర్వాదం గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు. సలోమి ఏడవలేదు.

"నా పిల్ల నన్ను అన్నం అడిగేది" అంది. "ఆ నోరు నొక్కింది నువ్వా?"

"నేను రోగుల కోసం..."

"ఆ నోరు నొక్కింది నువ్వా, కాదా?"

"నేనే."

"లేచి పో. నా ఎదట ఉండొద్దు."

వచ్చేశాను. మర్నాడు మండలి ఆఫీసుకు వెళ్లాను. చక్రపాణి గదిలో చల్లగా ఉంది. గోడ మీద గ్రాఫు, ఎర్రగీత మెట్లు దిగినట్టు కిందికి దిగుతోంది. హెప్సీ సంగతి చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి, చాలా బాధాకరం అన్నాడు.

"ఆపండి" అన్నాను. "ఈ రోజే ఆపండి."

"ఆపితే వారంలో రాష్ట్రం మొత్తానికి ఒక్కసారిగా ఆకలి పుడుతుంది. వాళ్లకు పెట్టడానికి మీ దగ్గర బియ్యం ఉందా?"

"మీ దగ్గర ఉంది. గోడౌన్లు పగిలేలా ఉంది. రోజూ రైల్వే గేటు దగ్గర లారీలు చూస్తూనే ఉన్నాను."

"అది ఎగుమతికి. ఓడలు బుక్ అయిపోయాయి. అప్పుల వాళ్లకు డాలర్లు కట్టాలి. మీకివన్నీ అర్థం కావు."

"నాకు బాగానే అర్థమైంది" అన్నాను. నా గొంతు పైకి లేచింది. పక్క గదుల్లో టైపింగ్ ఆగింది. "ధరలు తగ్గించడం మీకు చేతకాలేదు. చట్టం చేశారు, బోర్డులు రాశారు, ఇడ్లీలు తూచారు. దాచినవాణ్ణి ముట్టుకోలేదు. చివరికి జనం కొనడం మానేస్తే సరిపోతుందని తేల్చారు. ఆకలేసినవాడు రోడ్డు మీదికొచ్చి అరుస్తాడు. మీకు ఆ అరుపు వినపడకూడదు, అంతే. దానికోసం పసిపిల్లల పొట్టల్లో చెయ్యి పెట్టారు!"

ఆయన సొరుగులోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. "ఇక్కడ సంతకం మీది డాక్టరుగారూ."

"దాంతోపాటు ఇచ్చిన షరతుల కాగితం ఏది?"

"ఫైల్లో ఈ ఒక్క కాగితమే ఉంది" అన్నాడు ఆయన, ఎప్పటిలాగే మెత్తగా.

ప్రయోగశాలకు తిరిగొచ్చేసరికి మస్తాన్‌గారు ఒక ఆలోచన చేసి పెట్టుకున్నారు. తృప్తికి విరుగుడు కూడా మా దగ్గర ఉంది, రెండు డబ్బాలు. ఊరి మంచినీళ్ల ట్యాంకులో కలిపితే ఒక్క రోజులో అందరికీ ఆకలి తిరిగొస్తుంది.

"మళ్లీ వాళ్లకు చెప్పకుండానేనా?" అన్నాను.

ఆయన డబ్బాలు బీరువాలో పెట్టేసి తాళం వేశారు. "అయితే చెప్పే ఇద్దాం. చినగంజాంలో మా బావమరిదికి ఉప్పుమళ్లున్నయ్" అన్నారు.

విరుగుడు అక్కర్లేదు. నీలం ప్యాకెట్ మానేస్తే నాలుగు రోజుల్లో మందు ఒంట్లోంచి పోతుంది. పన్నెండు బస్తాల మామూలు ఉప్పు ఆటోలో వేసుకుని పాతగుంటూరు రేషన్ కొట్టు ముందు నిలబడ్డాం. నా పేరు, నా ఉద్యోగం, నేను చేసిన పని, అన్నీ చెప్పాను. వింటున్నవాళ్లు వింటున్నారు, పోయేవాళ్లు పోతున్నారు. ఒకాయన నా మొహం మీద ఉమ్మేశాడు. తుడుచుకుని మళ్లీ మొదటినుంచి చెప్పాను.

"గవర్నమెంటు ఉప్పులో మందు కలుపుద్దా? పిచ్చిదానిలా ఉందే" అంది ఒకావిడ.

అప్పుడు జనంలోంచి సలోమి వచ్చింది. నా వైపు చూడలేదు.

"పిచ్చిది కాదు. ఇది నా అక్క. ఆ మందు చేసింది ఇదే. నా హెప్సీ మీ అందరికీ తెలుసుగా? మీ పిల్లల్తో ఆడుకునేదిగా? మీ ఇంటికెళ్లి మీ పిల్లల రెక్కలు పట్టుకు చూడండి. అన్నం అడిగి ఎన్నాళ్లయిందో గుర్తు తెచ్చుకోండి!"

ఒక తల్లి చంకలో పిల్లాడి చొక్కా పైకెత్తి చూసింది. చూసి, నీలం ప్యాకెట్ కాలవలోకి విసిరేసింది. సలోమి వంగి మొదటి దోసెడు ఉప్పు తీసి ఆమె కొంగులో పోసింది. మధ్యాహ్నానికి పన్నెండు బస్తాలూ అయిపోయాయి. చుట్టుపక్కల పేటల వాళ్లు మర్నాడు తామే బళ్లు కట్టుకుని ఉప్పుమళ్లకు పోయారు.

నాలుగో రోజు పొద్దున పది దాటాక ఆ వీధిలో ఒక పిల్ల ఏడ్చింది. "అమ్మా, అన్నం." ఎదురింట్లో ఇంకొకరు అందుకున్నారు. తర్వాత ఆ వరసంతా. నెలల తరబడి పేరుకున్న ఆకలి ఒక్కసారిగా మీదపడింది. పెద్దవాళ్లు కడుపు పట్టుకుని గుమ్మాల్లో చతికిలబడ్డారు. నేను వీధి మొదట్లో నిలబడి ఉన్నాను. సలోమి తన గడప మీద కూర్చుని ఉంది. చాలా రోజుల తర్వాత నన్ను పిలిచింది.

"అక్కా, నాకు ఆకలేస్తోంది."

దగ్గరికి వెళ్లాను.

"పిల్ల పోయి పక్షం కాలేదు. నాకు ఆకలేస్తోందక్కా. సిగ్గులేని కడుపు." అప్పుడు ఏడ్చింది. సమాధి దగ్గర రాని ఏడుపంతా అప్పుడు వచ్చింది.

ఆశీర్వాదం ఉన్న పిండితో ఒక వాయి ఇడ్లీ వేశాడు. సలోమి ఏడుస్తూనే తింది. రెండు చేతులతో తింది. తిన్నాక కొంగుతో మూతి తుడుచుకుని లేచింది. వీధిలో ఇంకెవరింట్లోనూ ఏమీ లేదు. డబ్బాలన్నీ తెరిచి బోర్లించి ఉన్నాయి.

"రైల్వే గేటు దగ్గర బియ్యం ఉన్నాయంటగా?" అని అడిగింది.

రెండు వేల మంది దాకా నడిచారు. గోడౌన్ గేటు దగ్గర పోలీసులు అడ్డం నిలబడ్డారు. తలుపు తియ్యడానికి ఆర్డరు లేదన్నాడు ఎస్సై.

"మాకు వచ్చింది ఆర్డరు" అంది సలోమి. "కడుపులోంచి వచ్చింది. తీస్తావా, తొక్కుకుని పొమ్మంటావా?"

ఒక కానిస్టేబుల్ లాఠీ కింద పెట్టేశాడు. వాళ్లింట్లోనూ ఉప్పు మారిందని తర్వాత తెలిసింది. ఎస్సై వెనక్కి తిరిగి చూశాడు, మళ్లీ జనాన్ని చూశాడు. మూడు గంటలకు తాళం తీశారు. ఆ సాయంత్రం పాతగుంటూరులో ప్రతి పొయ్యీ వెలిగింది.

ఉప్పు సంగతి పక్క జిల్లాలకు పాకడానికి రెండు వారాలు పట్టింది. ఓడలు ఖాళీగా వెళ్లాయి. మండలిని రద్దు చేసి, అదే భవనంలో ఇంకో పేరుతో ఇంకో మండలి పెట్టారు. చక్రపాణికి బదిలీ అయింది. ధరలు మళ్లీ పెరిగాయి. జనం మళ్లీ రోడ్ల మీద అరుస్తున్నారు. ఎంతమంది పిల్లలు పోయారో లెక్క తియ్యడానికి ప్రభుత్వం ఇంకా ఒప్పుకోలేదు.

నన్ను అరెస్టు చేశారు. అనుమతి లేని మందు తయారు చేసినందుకూ, పుకార్లు పుట్టించినందుకూ. రెండోదాన్ని ఒప్పుకోను. మొదటిదానికి ఏ శిక్ష వేసినా తల వంచుతాను. కానీ ఒక్కదాన్నే వంచను. ఎవరు అడిగారో, ఎవరు కలపమన్నారో, ఎవరు నా షరతుల కాగితం మాయం చేశారో, ఒక్కొక్కరి పేరూ చెప్పాకే వంచుతాను.

మొన్న వాయిదాకు కోర్టు వరండాలో కూర్చోబెట్టారు. జైల్లో నాలుగు రోజులుగా నాకు ముద్ద దిగడం లేదు. మందు లేదు, మాయ లేదు, హెప్సీ గుర్తొస్తుంది, అంతే. జనంలోంచి సలోమి వచ్చింది. గోడౌన్ రోజు తర్వాత నాతో మాట్లాడలేదు. ఇప్పుడూ మొహం రాయిలాగే ఉంది. చేతిలో గిన్నె ఉంది. మూత తీసి నా ఒళ్లో పెట్టింది. పప్పన్నం.

"తిన్నావా?" అంది.

తల అడ్డంగా ఊపాను.

"తిను" అంది. "నీ మీద జాలేసి కాదు. వాళ్ల పేర్లు చెప్పేదాకా నువ్వు బతికుండాలి. తిను."

కాపలా కానిస్టేబుల్ అటు తిరిగి నిలబడింది. ఖాళీ గిన్నె తీసుకుని పోవడానికి మా చెల్లెలు అక్కడే నిలబడి ఉంది. నేను తిన్నాను.